వారానికి ఒక్క భాగమే: అత్తయ్యగారి సీరియల్ డైరీ

దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు

మొదలుపెట్టిన పని ఇది. మా అత్తయ్యగారు 1970ల్లో ఒక వారపత్రికలో వచ్చిన సీరియల్‌ని వారం వారం చింపి దాచి, అయిపోయాక బైండు చేయించుకున్నారు. ఆ నవలని ఇప్పుడు, అచ్చయిన పద్ధతిలోనే, వారానికి ఒక్క భాగం చొప్పున ఇంట్లోవాళ్ళం, ఇరుగుపొరుగువాళ్ళం కలిసి పైకి చదువుకోవాలి. గురువారం దీపాలవేళ ఒక భాగం, అంతే. మళ్ళీ గురువారం దాకా ఎవరూ పేజీ తిప్పకూడదు.

గురువారమే ఎందుకంటే, ఆ పత్రిక మా ఊరికి గురువారం వచ్చేదట. నరసాపురం దాకా రైల్లో, అక్కణ్ణుంచి ఏరు దాటించే పంటు మీద సఖినేటిపల్లి రేవుకి, రేవులో సైకిలెక్కి మా ఊరి కిళ్ళీకొట్టుకి. ఏరు పెద్దగా ఉంటే పంటు ఆపేసేవారు, అప్పుడు శుక్రవారమో శనివారమో. మా ఇంటికొచ్చిన కాపీ నాలుగైదిళ్ళు తిరిగి వచ్చాకే అత్తయ్యగారు సీరియల్ పేజీలు చింపుకునేవారు.

నవల పేరు, రచయిత్రి పేరు ఇక్కడ రాయను. పేరు తెలిస్తే చదివినవాళ్ళెవరో చివర చెప్పేస్తారు. ఆ చివర కోసమే మేమందరం కూర్చుంటున్నాం.

నాకెందుకింత పట్టుదలో కూడా రాసిపెట్టుకోవాలి. సీరియల్‌గా వచ్చిన నవలలు చాలా చదివాను, అన్నీ పుస్తకాలుగానే, ఒక రాత్రిలోనో రెండు రాత్రుల్లోనో. అలా చదువుతుంటే కొన్ని విసుగనిపిస్తాయి. ప్రతి అధ్యాయంలోనూ హీరో కారు తాళాలు వేలికి తిప్పుకుంటూనే ఉంటాడు. చెప్పిన సంగతే ఇంకోసారి చెబుతారు. అధ్యాయం చివర తప్పనిసరిగా ఎవరో తలుపు కొడతారు. ఇవన్నీ రాసినవాళ్ళ లోపాలా, లేక వారం ఆగి చదివేవాళ్ళ కోసం తెలిసి చేసిన పనులా? ఆగి చదివితే తప్ప తేలదు.

ఎండలు ముదిరాక, బైండు విప్పుతూ

పుస్తకం పైకి దిట్టంగానే ఉంది. నల్ల గుడ్డ వీపు, చారల కాగితం అంటించిన అట్టలు. ఇబ్బందంతా లోపలే. కాగితాలన్నీ దొంతి పెట్టి, పక్కనుంచి దబ్బనంతో పొడిచి, పురికొసతో బిగించి కుట్టేశారు. దాంతో పుస్తకం పూర్తిగా తెరుచుకోదు. ఎడమ పేజీలో ప్రతి లైను చివరా, కుడి పేజీలో ప్రతి లైను మొదటా రెండు మూడక్షరాలు కుట్టులో మునిగిపోయాయి. గట్టిగా తెరిస్తే కాగితం అప్పడంలా విరుగుతోంది. న్యూస్‌ప్రింటు చెక్క గుజ్జుతో చేసిన కాగితం. అందులో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థానికి గాలీ వెలుతురూ తగిలేకొద్దీ పసుపెక్కి, పెళుసుబారిపోతుంది.

రాజోలులో బైండింగు చేసే పెద్దాయనకి చూపించాను. "మంచి బైండమ్మా ఇది, ఎందుకు విప్పుతారు?" అన్నారు. వారానికో భాగం చదువుకోవాలి, భాగానికో చిన్న పుస్తకం కావాలి అన్నాను. కాసేపు పేజీలు తిరగేసి, తనే కత్తి తీసుకుని వీపు గుడ్డ కోసి, పురికొస ఎక్కడెక్కడ తెంచాలో సుద్దముక్కతో గుర్తులు పెట్టిచ్చారు. మైదా జిగురులో మైలుతుత్తం కలపమని చెప్పారు, పురుగు పట్టకుండా. అది విషం. పేజీ తిప్పేముందు వేలు నాలికకి తగిలించుకునే అలవాటు మా ఇంట్లో అందరికీ ఉంది. అందుకని అది మానేసి, జిగురు పల్చగా కాచి ఏ పూటకాపూట వాడుకుంటున్నాను. విప్పిన కాగితాలు దాచే రేకు పెట్టెలో ఎండిన వేపాకు వేశాను.

కుట్టు విప్పుతుంటే ఒకటి చూశాను. పేజీ అంతా టీ రంగుకి తిరిగిపోయింది కానీ, కుట్టులో నొక్కుకుపోయిన అంగుళం మేర మాత్రం దాదాపు తెల్లగానే ఉంది. అన్నేళ్ళూ దానికి వెలుతురే తగల్లేదు. ఆ తెల్లటి పట్టీ మీద మునిగిపోయిన అక్షరాలన్నీ నల్లగా, నిన్న అచ్చేసినట్టున్నాయి. అత్తయ్యగారు బైండు చేయించాక కూడా ఈ నవల తిరగేశారు. అప్పుడు ఊహించుకుని చదివిన అక్షరాలవి. భూతద్దం పెట్టి ఒక పేజీ పొడవునా ఆ పట్టీ ఒక్కటే చదువుకుంటూ పోయారు.

పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తినేశాయి. వాటిని లాగకూడదు, వెనకవైపు కాళ్ళు కత్తిరించి మెల్లగా తియ్యాలి. చిరుగులకి సెల్లోటేపు అసలు వద్దు, ఏళ్ళు గడిస్తే గోధుమరంగు మరకై కూర్చుంటుంది. పల్చటి టిష్యూ కాగితాన్ని, కత్తిరించకుండా, చేత్తో చింపిన అంచుతో మైదా జిగురు పెట్టి అంటిస్తే చిరుగు ఆగుతోంది, కిందున్న అక్షరాలూ కనిపిస్తున్నాయి. దీనికే ఎక్కువ సమయం పడుతోంది.

భాగానికో విడి పుస్తకం అన్న ఆలోచన కొత్తదేం కాదు. 1836లో లండన్‌లో డికెన్స్ తొలి నవల నెలనెలా, ఒక్కొక్కటి ఒక షిల్లింగుకి, పల్చటి ఆకుపచ్చ అట్టలతో విడివిడిగానే వచ్చింది. నేను నీలం అట్ట వాడాను, మా ఊరి స్టేషనరీ కొట్లో అదే దొరికింది. అట్ట మీద భాగం సంఖ్య ఒక్కటే రాశాను.

అరుగు మీద వరసగా పరిచి చూస్తే మొత్తం 36 భాగాలు. అందులో 9వది లేదు. చిరిగిన గుర్తు కూడా లేదు. బైండుకి ఇచ్చేనాటికే పోయిందన్నమాట. "ఎవరికో చదవడానికిచ్చి ఉంటాను" అన్నారు అత్తయ్యగారు. అప్పటికి ఇంకా చాలా వారాలుంది కదా అని ముందుకెళ్ళాం.

కాలువలు కట్టేశాక

మొదటి గురువారాలు. వచ్చేది మేం ముగ్గురం కాక పక్కింటి పిన్నిగారు, ఎదురింట్లో మిషను కుట్టే అమ్మాయి, ఇంటర్ చదివే మా మేనకోడలు, మా తోటలో కొబ్బరి దింపు తీసే ఆయన. ఆయన మొదటి వారం కాయల లెక్క చెప్పడానికొచ్చి అరుగు మీద కూర్చుండిపోయారు.

చదవడం వంతులవారీగా. అత్తయ్యగారు చదివితే వేరేగా ఉంటుంది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు తన అత్తగారికి ఇలాగే చదివి వినిపించేవారట. ఆవిడకి చదువు రాదు, చాటలో బియ్యం ఏరుతూ వినేవారు, నచ్చని పాత్ర మాట్లాడగానే చాట చప్పుడు పెరిగేదట. ఈ నవల ఏమవుతుందో అత్తయ్యగారికి తెలిసి ఉండాలి కదా అని అందరూ అడిగారు. హీరోయిన్ పెళ్ళవుతుందని గుర్తుంది, ఎవరితోనో గుర్తులేదు అన్నారు. ఏ భాగం వచ్చిన వారం ఇంట్లో ఏం పచ్చడి పెట్టారో మాత్రం గుర్తుంది. గుర్తొచ్చినా చెప్పనని మాటిచ్చారు. నిలబెట్టుకుంటున్నారు కూడా.

కథ క్లుప్తంగా: మద్రాసులో ఒక ప్లీడరుగారింట్లో అద్దెకుంటూ టైపిస్టుగా పనిచేసే అమ్మాయి, ఊళ్ళో సవతి అన్న, ఆస్తి గొడవ. ప్లీడరుగారింట్లో ఒక వంటావిడ ఉంటుంది. రెండో భాగంలో ఒక పేజీ మేర కనిపించి, హీరోయిన్‌కి కాఫీ ఇచ్చి, నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోతుంది. మిషను అమ్మాయికి ఆవిడే నచ్చింది. "ఆవిడ మళ్ళీ వత్తాదాండీ?" అని ప్రతి వారం అడుగుతోంది.

బొమ్మల గురించి పెద్ద చర్చే జరిగింది. మొదటి పేజీలో హీరోయిన్ బొమ్మ కింద సంతకం ఉన్న మూల ఊడిపోయింది. బాపు బొమ్మే అని పిన్నిగారి పట్టు. నాకు కాదనిపిస్తోంది, ఆ కళ్ళలో ఆ గీత లేదు. బాపు 1933లో నరసాపురంలో పుట్టారు. ఆయన జంట ముళ్ళపూడి వెంకటరమణ 1931లో ధవళేశ్వరంలో పుట్టారు. ఈ ఊళ్ళ మధ్య తిరిగేవాళ్ళకి ప్రతి మంచి బొమ్మా బాపుదే అనిపించడం సహజం. సంతకం దొరికే దాకా రాయకూడదని నిర్ణయం.

పేజీల కింది భాగంలో గోధుమరంగు అల గీత ఒకటుంది, 1వ భాగం నుంచి చివరిదాకా ఒకే ఎత్తులో. అది 1986 ఆగస్టు వరదది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వెళ్ళిన ఏడు. ఇంట్లోకి నీళ్ళొస్తుంటే ధాన్యం, కాగితాలు, పిల్లల బట్టలు అటకెక్కించి అందరూ ఏటిగట్టు మీదికెళ్ళిపోయారు. ఈ పుస్తకం అలమరలో నిలువుగా ఉండిపోయింది. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ గీత పడింది. గీత కింద అక్షరాలు కాస్త ఉబ్బినట్టున్నాయి కానీ చదవడానికి అడ్డం లేదు. మరక పోగొట్టే ఉపాయాలు చాలామంది చెప్పారు. దాని జోలికి పోవడం లేదు. ఈ పుస్తకానికి జరిగినవాటిలో అదీ ఒకటి.

రోహిణి కార్తె

ఇప్పుడు రాయవలసింది, నేను తెలుసుకోవాలనుకున్న సంగతి.

హీరోయిన్‌కి ఒక అలవాటుంది. ఆలోచనలో పడితే వాచీ కీ తిప్పుకుంటుంది. ప్రతి భాగంలోనూ తిప్పుతుంది. పుస్తకంగా చదివి ఉంటే మూడోసారికే నా కళ్ళు దాటేసి ఉండేవి. వారానికోసారి వింటుంటే అలా లేదు. గురువారం నుంచి గురువారం దాకా కోతలు, నూర్పిళ్ళు, పెళ్ళి భోజనాలు, ఎండలు, ఇన్ని నెత్తిమీద నుంచి పోయాక మళ్ళీ అరుగు మీద కూర్చుంటే, "వాచీ కీ తిప్పుకుంటూ" అన్న మాట వినగానే ఆ అమ్మాయి ఎదురుగా వచ్చి నిలబడుతోంది. పేరు మర్చిపోయిన దింపు ఆయన కూడా "ఆ వాచీ అమ్మాయేనాండీ" అన్నారు. అది వారం మధ్యలో జరిగిన మరుపుని లెక్కలో పెట్టుకుని రాసిన మాట. పత్రిక ఒక వారం దొరకనివాళ్ళకీ, ఇంటింటికీ తిరిగే కాపీలో నాలుగో చెయ్యి అయినవాళ్ళకీ అదే గుర్తు.

భాగం చివరి మలుపు సంగతి కూడా. అన్నిసార్లూ తలుపు చప్పుడు కాదు. నాలుగో భాగం చివర ఏమీ జరగదు. ప్లీడరుగారు పడక్కుర్చీలోంచి లేచి, ఆమె వైపు చూసి, ఏదో అనబోయి చుట్ట వెలిగించుకుంటారు. అక్కడ ఆపేశారు. ఆ వారమంతా మా వీధిలో దాని మీదే మాట. పిన్నిగారు ఆయనకి విషయం తెలుసన్నారు. మేనకోడలు ఆయనే ఉత్తరం దాచాడంది. మంచినీళ్ళ బిందెలు దించి మరీ వాదించుకున్నారు. పుస్తకంగా చదివితే అది ఒక లైను. చుట్ట వెలిగించుకున్నాడు, పేజీ తిప్పాం, అయిపోయింది. ఇక్కడ ఆ చుట్ట ఏడు రోజులు వెలిగింది.

నోటుబుక్కులో ఒక్కో భాగానికి ఒక్కో పేజీ కేటాయించాను. ఎక్కడ ఆగింది, ఎవరేమనుకుంటున్నారు. ముందు ఊహ రాసుకున్నాకే తర్వాత భాగం చదవాలి అన్న నియమం మేనకోడలు పెట్టింది. ఊహలు నిజమయ్యాయా లేదా అన్నది నాకంత ముఖ్యం కాదు. రచయిత్రి కంటే మా పిన్నిగారి ఊహ బాగున్న వారాలున్నాయి. అవీ రాశాను.

6వ భాగం ఆఖరి కాగితం వెనకవైపు పాఠకుల ఉత్తరాల పేజీ దొరికింది. సీరియల్ మాత్రమే చింపుకున్నారు కాబట్టి వెనకవైపు ఏది పడితే అది వచ్చింది. సగం కార్టూన్లు, కుట్టు నమూనా, తలనూనె ప్రకటన. ఈ కాగితం వెనక మాత్రం ఉత్తరాలు. వాటిలో ఒకటి మన సీరియల్ గురించే. రాసినావిడ ఊరు ఏలూరు అని ఉంది. రెండో భాగంలో వచ్చిన వంటావిడ తనకి తన మేనత్తని గుర్తుచేసిందనీ, ఆవిణ్ణి కాఫీ ఇచ్చి పంపించెయ్యొద్దనీ రాసింది. రెండో భాగం మీద ఉత్తరం ఆరో భాగం వచ్చిన సంచికలో పడింది. రాసి, పోస్టులో వెళ్ళి, ఏరి, కంపోజు చేసి అచ్చేసే సరికి అంత పట్టింది. పెట్టెలో కాగితాలు సర్దుకుంటూ నేనా ఉత్తరం చూసింది ఆరో భాగం చదవబోయే రోజునే. ఆ సాయంత్రం ముందుగా ఉత్తరమే చదివాను. మిషను అమ్మాయి లేచి నిలబడిపోయింది. తను అడుగుతున్నదే ఎవరో అప్పుడే అడిగారు.

మృగశిర

కాలువలకి నీళ్ళొదిలారు. 8వ భాగం. వంటావిడ మళ్ళీ వచ్చింది! మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు భాగాల్లో మాట కూడా లేని మనిషి ఇక్కడ ఏకంగా సగం భాగం ఆక్రమించుకుంది. అరిసెల పాకం పడుతూ హీరోయిన్‌కి తన పెళ్ళి సంగతి చెబుతుంది. ఏలూరు ఉత్తరానికీ దీనికీ సంబంధముందని నేను నిరూపించలేను. అచ్చయిన ఉత్తరం ఒకటైతే, అచ్చుకాని ఉత్తరాలు రచయిత్రికి ఎన్ని చేరి ఉంటాయి? వారం వారం రాసే మనిషికి వారం వారం జవాబులు వస్తుంటే, చెయ్యి అటు తిరగకుండా ఉంటుందా? నాకైతే తిరిగిందనే నమ్మకం. అరిసెల పాకం దగ్గర వాక్యాలు పొట్టివైపోయాయి, హుషారుగా ఉన్నాయి, ఆస్తి గొడవ రాసినప్పటి బరువు లేదు.

భాగం చివర టెలిగ్రాం బంట్రోతు గేటు దగ్గర సైకిలు దిగుతాడు. హీరోయిన్ సంతకం పెట్టి కవరు తీసుకుంటుంది. ఇంకా ఉంది.

తర్వాతది లేని 9వ భాగం.

టెలిగ్రాం అంటే ఏమిటో మేనకోడలికి చెప్పాల్సొచ్చింది. మన దేశంలో టెలిగ్రాంలు 2013 జులైలో ఆగిపోయాయి. మాట లెక్కన డబ్బు, అందుకే పొదుపుగా రాసేవారనీ, ఇంటి ముందు బంట్రోతు ఆగితే ముందు ఏడుపు మొదలుపెట్టి తర్వాత విప్పేవారనీ పిన్నిగారు చెప్పారు. "అందులో ఏముందో అప్పుడు తెలుసు. ఇప్పుడు గుర్తు లేదే. ఆ వారం ఏడ్చినట్టు మాత్రం గుర్తు" అన్నారు అత్తయ్యగారు. దాంతో ఎవరూ ఇంటికి కదల్లేదు.

10వ భాగం తెరవాలా వద్దా అని చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి దాని పైనున్న "జరిగిన కథ" పెట్టె వరకే చదవాలని తేలింది. అందులో ఉన్నదిదీ: హీరోయిన్ అన్నగారి నోటీసుకి జవాబు పంపింది, ఆఫీసులో సెలవు పెట్టి ఊరికి బయల్దేరింది. టెలిగ్రాం మాటే లేదు. సీరియల్ అంతా అయిదు లైన్లలో కుక్కే మనిషికి హీరోయిన్ ప్రయాణం ముఖ్యం. మాకు టెలిగ్రాం ముఖ్యం.

"అన్నకేదో అయ్యుంటాదండీ" అన్నారు దింపు ఆయన. "అయితే జరిగిన కథలో రాయరా?" అంది మేనకోడలు. మంచి ప్రశ్న.

9 దొరికే దాకా 10 తెరవం. అందరూ ఒప్పుకున్నారు.

ఆరుద్ర

వెతుకులాట. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళాలని నా ఆలోచన. సెలవు దొరికే లోపల తెలిసినవాళ్ళందరికీ చెప్పాను. పాత పుస్తకాలు అద్దెకిచ్చే కొట్లు ఇప్పుడు ఈ చుట్టుపక్కల కనిపించడం లేదు. ఉన్న రోజుల్లో నడిపిన ఒకాయన దగ్గర నవలలైతే మిగిలాయి కానీ, వారపత్రికలు కాగితాలకి అమ్మేశారట.

గురువారం ఖాళీగా పోకూడదని ఇంకో పని పెట్టుకున్నాం. మన తెలుగువాళ్ళకి విడతల వారీగా నవల చదివే అలవాటు మొదలైన తొలి రోజుల్లోది ఒకటి ఈ గోదావరి పక్కనే పుట్టింది. వీరేశలింగం గారు 1874లో పెట్టిన వివేకవర్ధని పత్రికలో 1878 నుంచి రాజశేఖర చరిత్రము విడతలుగా వచ్చింది. పుస్తకమైంది 1880లో. కథ ధవళేశ్వరంలో మొదలవుతుంది. గోదావరి వర్ణనతో తెరిచి, కలిగిన ఇంటి పెద్దమనిషి చుట్టూ చేరే పొగడ్తల మనుషుల్నీ, బంగారం చేసిస్తానన్న బైరాగిని నమ్మి ఆయన ఉన్నది పోగొట్టుకోవడాన్నీ చెబుతుంది. గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల ఒకటి దానికి ప్రేరణ. అయినా ఆ ఇల్లూ ఆ మాటలూ ఇక్కడివే.

మొదటి ప్రకరణం చదివాం. గ్రాంథికం కదా, మేనకోడలు రెండు వాక్యాలకే పుస్తకం అత్తయ్యగారి చేతిలో పెట్టేసింది. అత్తయ్యగారు చిన్నప్పుడు పురాణ కాలక్షేపాలు విన్న మనిషి. పొడుగు వాక్యాన్ని ఎక్కడ విరవాలో ఆవిడకి తెలుసు. ఊపిరి తీసుకుంటూ, సమాసాల దగ్గర కాస్త ఆగుతూ చదివారు. అలా వింటే కష్టమనిపించలేదు. ధవళేశ్వరం కొండ మీద గుడి అనగానే దింపు ఆయన "జనార్దనస్వామి గుడండీ, మా చెల్లిని ఆ ఊరే ఇచ్చాం" అన్నారు. 1878లో ఆ సంచిక అందుకున్నవాళ్ళు కూడా తమ ఊరు అచ్చులో చూసుకుని ఇలాగే అనుకుని ఉంటారు.

ఇదీ పూర్తిగా చదువుదామని పిన్నిగారి కోరిక. అత్తయ్యగారి నవల అయ్యాక.

పునర్వసు

9వ భాగం దొరికింది!

పాలకొల్లులో మా పెదనాన్నగారి వియ్యపురాలు ఇదే సీరియల్‌ని ఇదే పద్ధతిలో చింపి దాచుకున్నారట. బైండు చేయించలేదు, దస్త్రంలా గుడ్డలో కట్టి పెట్టుకున్నారు. ఫోటోలు తీసి ఫోనులో పంపిస్తామన్నారు. వద్దని, చించినాడ వంతెన దాటి నేనే వెళ్ళాను. కాగితం చేత్తో పట్టుకు చూడాలనిపించింది. ఆవిడ మూట విప్పి, 9వ భాగం ఒక్కటే తీసి, మిగిలినవి వెంటనే కట్టేశారు. మా నియమం ఆవిడకి ముందే చెప్పాను.

ఆవిడ కాగితాలు మా వాటికంటే తెల్లగా ఉన్నాయి. ఏళ్ళ తరబడి గుడ్డలో, చీకట్లో ఉన్నాయి కదా. అంచుల్లో పెన్సిలుతో పాల లెక్కలున్నాయి. ఏ రోజు ఎన్ని సోలలు, ఏ రోజు పాలు రాలేదు. కథ మధ్యలో ఒకచోట అడ్డగీత గీసి "ఇక్కడ దాకా" అని ఉంది. ఆ వారం ఆవిడ అక్కడ ఆపి పొయ్యి దగ్గరికి వెళ్ళారట. జిరాక్సు తీయించుకుని అసలుది తిరిగిచ్చేశాను. జిరాక్సులో పాల లెక్కలు కూడా వచ్చాయి, ఉండనిచ్చాను.

గురువారం. ఎవరూ ఆలస్యం కాలేదు. చదివే వంతు మిషను అమ్మాయిది.

టెలిగ్రాం హీరోయిన్‌కి కాదు. వంటావిడకి. ఏళ్ళ క్రితం ఇంట్లోంచి వెళ్ళిపోయిన కొడుకు క్షేమంగా ఉన్నానని, వస్తున్నానని ఇచ్చిన నాలుగు మాటలు. ఆవిడకి చదవడం రాదు. హీరోయిన్ చదివి చెబితే, ఇంకోసారి చదవమంటుంది. మళ్ళీ చదవమంటుంది. మూడోసారి చదువుతుంటే ఆ మాటలతో పాటు పెదవులు కదుపుతుంది. తర్వాత ఆ కాగితం తీసుకుని, పప్పు డబ్బా మూతకి లోపలివైపు పెట్టి బిగిస్తుంది.

"జరిగిన కథ" రాసినవాళ్ళు దీన్నే వదిలేశారు. ఆస్తి గొడవకి దీంతో పని లేదు మరి. కానీ ఆ వారం ఆ పత్రిక చదివినవాళ్ళకి గుర్తుండిపోయింది ఇదే అయ్యుంటుంది. పత్రిక వారం తప్పినవాళ్ళకి మాత్రం, "జరిగిన కథ" చదివి అంతా అందుకున్నామనుకున్నవాళ్ళకి, ఇలాంటిదొకటి జరిగినట్టే తెలియదు.

అత్తయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు. తన అత్తగారు అప్పుడీ భాగం విన్నాక తనని ఇంకోసారి చదవమన్నారట, చాట పక్కన పెట్టి. "అదీ నాకు గుర్తున్న ఏడుపు" అన్నారు. 9వ భాగం ఎవరికిచ్చి పోగొట్టుకున్నారో కూడా అప్పుడే గుర్తొచ్చింది. మా ఊళ్ళోనే, కొడుకు దూరాన ఉన్న ఒకావిడ అడిగి తీసుకెళ్ళారట. తిరిగి అడగబుద్ధి కాలేదన్నారు.

పుష్యమి, ఆశ్లేష

సార్వా (మొదటి పంట) నాట్లు. మధ్యాహ్నం దాకా చేలోనే ఉంటున్నారు కాబట్టి చదువు ఇంకాస్త చీకటి పడ్డాక పెట్టుకుంటున్నాం. ఒక వారం ఎగువ వానలకి గోదారి పెరిగింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే ఒకటో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఇచ్చారు. దింపు ఆయనది ఏటి మధ్య లంక. దారి మునిగి ఇటు రాలేకపోయారు. సాయంత్రం ఫోను చేసి, "ఆపకండి టీచరుగారూ, ఫోన్లో పెట్టండి, ఇక్కడ మావోళ్ళు కూడా ఇంటారు" అన్నారు. స్పీకరు పెట్టి చదివాం. అవతల పశువుల అరుపులు, పిల్లల గోల, మధ్యలో ఎవరో ఒకావిడ "ఎవరే ఈ పిల్ల?" అని అడగడం. వాచీ అమ్మాయి సంగతి ఆయనే మొదట్నుంచి చెప్పారు. "జరిగిన కథ" పెట్టె కంటే చాలా బాగా చెప్పారు. అందులో వంటావిడ టెలిగ్రాం ఉంది. అది విని రాసుకున్నాను. ఆయన చెప్పిన తీరులోనే 12వ భాగం అట్ట లోపల అతికిస్తాను.

పని ఎక్కడిదాకా వచ్చిందో కూడా రాస్తాను. 20వ భాగం దాకా చిరుగులు అంటించడం, నీలం అట్టలు వెయ్యడం అయ్యింది. వానాకాలం తేమకి మైదా జిగురు ఆరడానికి రెండు రోజులు పడుతోంది, అందుకని మిగిలినవి ఎండలొచ్చేదాకా ఆపాను. చదవడానికి సరిపడా భాగాలు సిద్ధంగా ఉన్నాయి. 23వ భాగంలో ఒక కాగితం పూర్తిగా రెండు ముక్కలైంది. దాన్ని బైండరు పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాలి. చదవకుండా, బోర్లించి పట్టుకుని తీసుకెళ్ళాలి. లంకలో విన్నవాళ్ళలో ముగ్గురు, దారి తెరుచుకోగానే మొదటి భాగం నుంచి కావాలన్నారు. వాళ్ళకి వేరే రోజు పెట్టి, మనకంటే వెనకగా, వాళ్ళ వారం లెక్కనే నడపాలని అనుకుంటున్నాం. రెండు గుంపులూ కలిసిన చోట వెనకవాళ్ళకి ముందు సంగతి చెప్పకూడదు, అదొక్కటే షరతు.

వచ్చే గురువారం చదివే వంతు పక్కింటి పిన్నిగారిది. అద్దాలు మార్పించుకోవడానికి మంగళవారం రాజోలు వెళుతున్నారు.